‘గారు’ లేని మూడో పిలుపు

పెద్ద వరద వచ్చి మా కోర్టు గోడ మీద ఛాతీ ఎత్తున మట్టిగీత గీసి పోయిన మూడో ఏట, వేసవి సెలవుల తరువాత వచ్చిన మొదటి సోమవారం ఉదయం పదకొండు గంటలకు, నేడు మనమందరం సగౌరవంగా వీడ్కోలు పలుకుతున్న మా మెజిస్ట్రేటు గారు ఈ న్యాయస్థానంలో పదవీ బాధ్యతలు స్వీకరించారు. నిజానికి వారు పదిన్నరకే వచ్చారు. కోటు మడిచి సంచిలో పెట్టుకుని, ఒంటరిగా కాలినడకన వచ్చి, గుమ్మంలో ఉన్న నన్ను “లోపలికి వెళ్ళొచ్చా?” అని అడిగారు. ఎవరో కక్షిదారు అనుకుని “బల్ల మీద కూర్చో, పేరు వచ్చినప్పుడు పిలుస్తా” అన్నాను. బుద్ధిగా వెళ్ళి వరండాలో బల్ల మీద కూర్చున్నారు. అరగంట తరువాత గుమాస్తాగారు వచ్చి చూసి నెత్తి కొట్టుకున్నారు. నా ఉద్యోగానికి నీళ్ళు వదులుకున్నాననే అనుకున్నాను. వారు లేచి కోటు తొడుక్కుంటూ “మంచి పని చేశావయ్యా. అరగంటలో ఊరి సంగతులన్నీ తెలిశాయి” అన్నారు.

నేను ఆ కోర్టు గుమ్మంలో నిలబడి పేర్లు పిలిచే దఫేదారుని. ఆ తరువాత వారు ప్రజాప్రతినిధి అయినప్పుడు వారి కార్యాలయం గుమ్మంలోనూ అదే పని చేశాను. ఈ వీడ్కోలు సంచికకు నన్ను రాయమన్నప్పుడు, మూడు తరగతుల చదువుతో ఏం రాస్తానని గుమాస్తాగారితో అన్నాను. “ముప్పై రెండేళ్ళు తీర్పులు విన్న చెవులు కదా, అవే రాయిస్తాయిలే” అన్నారు. అందుచేత ఇందులో తప్పులుంటే అవి నా చెవులవి.

మన ఊళ్ళో ఉన్న రెండు తెగలకూ దేవుడొకడే, గ్రంథమొకటే. ప్రార్థనలో రెండు చేతులూ గుండెల దగ్గర ముడుచుకోవాలా, ముందుకు చాచాలా అన్నదొక్కటే తగవు. మొదటివారిని ముడిచేతులవారనీ, రెండవవారిని విడిచేతులవారనీ అంటాం. మెజిస్ట్రేటు గారు పుట్టుకతో ముడిచేతులవారు, నేను విడిచేతులవాణ్ణి. ఒకరి ప్రమాణం ఒకరికి చెల్లదని తాతల నాడు పేచీ వచ్చి, మా కోర్టులో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి, తెగకొకటి చొప్పున రెండు సాక్షి బోనులు పెట్టారు. అవతలి బోనులో చెప్పినదేదీ సాక్ష్యం కాదని ఇవతలివారు, ఇవతలి బోనులో చెప్పినదేదీ నిజం కాదని అవతలివారు నిశ్చింతగా అబద్ధాలాడుతూ రావడం మా న్యాయస్థానపు చిరకాల సంప్రదాయం.

వారు వచ్చిన నెలలోనే వడ్రంగిని పిలిపించారు.

“ఏ బోను తీసేయమంటారండీ?” అన్నాడు వడ్రంగి.

“రెండూ తీసెయ్.”

“మరి సాక్షులు గాల్లో నిలబడతారా?”

“రెండూ కోసి ఒకటి చెయ్యి.”

వడ్రంగి టేపు పెట్టి కొలిచి పెదవి విరిచాడు. “కుదరదండీ. ఈ ముడిచేతులోళ్ళ బోను అడుగుబల్ల నాలుగు వేళ్ళు ఎత్తు. ఎవరో పొట్టి పెద్దమనిషి కోసం అప్పట్లో వేసుంటారు. ఎత్తులు కలవవు.”

“మీ ఇంట్లో నువ్వూ, మీ ఆవిడా ఎత్తులు కలిశాకే కాపురం పెట్టారా?”

వడ్రంగి భార్య అతనికంటే జానెడు పొడుగు. సంచిలోంచి రంపం తీశాడు.

అలా తయారైన బోనులో సాక్షి కుడికాలు ఎత్తున, ఎడమకాలు పల్లాన ఉంటుంది. ప్రమాణం చేసేటప్పుడు చేతులు ముడవడం గానీ చాచడం గానీ లేకుండా, ముందున్న కమ్మీని రెండు చేతులా పట్టుకోవాలని వారు ఉత్తర్వు చేశారు. ఇది తమ విశ్వాసానికి అవమానమని రెండు తెగల పెద్దలూ కలిసి అర్జీ ఇచ్చారు. ఉభయులూ ఒకే కాగితం మీద సంతకాలు పెట్టడం ఊరి చరిత్రలో అదే ప్రథమం కాబట్టి, దాన్ని పదిలంగా దాచమని వారు గుమాస్తాగారికి చెప్పారు. రెండు నెలలు సాక్షి అన్నవాడు ఆ బోను మొహం చూడలేదు. చివరికి పాలమ్ముకునే ఒకావిడ వచ్చింది. “ఎక్కడ నిలబడమంటే అక్కడ నిలబడతా బాబూ, తొందరగా కానియ్యండి. పాలు విరిగిపోతాయి” అని కమ్మీ పట్టుకుంది. ఆ తరువాత ఒకరొకరుగా అందరూ పట్టుకున్నారు.

మరుసటి సంవత్సరం వారి అక్కగారూ, బావగారూ ఈ ఊరు వచ్చి, మెజిస్ట్రేటు గారి నివాసం వెనుక సందులో దర్జీ దుకాణం తెరిచారు. తల్లిదండ్రులు చిన్ననాడే పోగా, వారిని పెంచి చదివించింది ఆ అక్కాబావలే. బడి నుంచి రాగానే బావగారి పక్కన కూర్చుని కాజాలు కుట్టి, ఆ తరువాతే పుస్తకం పట్టేవారట. న్యాయశాస్త్రం పూర్తయిన రోజున బావగారు స్వహస్తాలతో కుట్టి ఇచ్చిన నల్లకోటునే వారు పీఠం మీద ధరించేవారు. “మా వాడి కోటుకి ముడత పడితే తీర్పుకి ముడత పడ్డట్టే” అని బావగారు అనేవారు. మెజిస్ట్రేటుకు బావనన్న గర్వం ఆయనకు లేకపోలేదు గానీ, ఆ కోటు కుట్టానన్న గర్వం ఇంకా ఎక్కువ.

వారు వచ్చిన మూడో ఏట ఊరు అంటుకుంది. ఎవరు ఎవరిపై మొదటి రాయి విసిరారో ఇప్పటికీ రెండు లెక్కలున్నాయి. ఒక వారం బావగారి దుకాణం కిటికీ పగలగొట్టి, కుట్టి ఉంచిన బట్టలన్నీ ఎవరో చీల్చి పోయారు. ఆ పై వారం, బజారు మూసుకునే మధ్యాహ్నపు వేళ, అదే సందు చివర విడిచేతులవారి రొట్టెల దుకాణం తగలబడింది. పిండిగదిలో కునుకు తీస్తున్న రొట్టెలాయన తండ్రి, పాపం, ఆ మంటల్లోనే పోయాడు. పోలీసులు ముడిచేతులవారిలో ముగ్గురు హమాలీలను పట్టుకున్నారు. ముగ్గురూ ఆ వేళ రైల్వే స్టేషన్లో మూటలు దించుతున్నారు. అయినా వాళ్ళే పెట్రోలు పోశారని చెప్పడానికి విడిచేతులవారిలో పదిమంది సాక్షులు సిద్ధమయ్యారు. వారిలో మా తమ్ముడొకడు.

ఆ మధ్యాహ్నం మెజిస్ట్రేటు గారు మేడ మీద కిటికీ దగ్గర నిలబడి భోజనానంతరం చేయి తుడుచుకుంటున్నారు. బావగారు బొగ్గుల ఇస్త్రీపెట్టె చేత్తో పట్టుకుని సందులో నడిచి వెళ్ళడం చూశారు. దర్జీ చేతిలో ఇస్త్రీపెట్టె చూసి అనుమానించేదెవరు? రొట్టెల దుకాణం వెనుక ఎండుపుల్లల దగ్గర ఆయన దాని మూత తెరిచి వంచడం చూశారు. ఖాళీ పెట్టె ఊపుకుంటూ తిరిగి రావడం చూశారు. పదినిమిషాలకు పొగ లేచింది.

చూసినవారు తొమ్మిది రోజులు ఎవరికీ చెప్పలేదు. ఇలాంటి సంచికలో ఇలాంటి వాక్యం రాయవచ్చునా అని వారిని అడిగాను. “అది లేకపోతే మిగతాదంతా కొట్టెయ్” అన్నారు.

పదో రోజున ముగ్గురు హమాలీలనూ పోలీసులు మా కోర్టుకే తెచ్చారు. నేను పేర్లు పిలిచాను. ముగ్గురిలో చిన్నవాడు నిల్చోలేక కటకటాలు పట్టుకుని ఏడుస్తున్నాడు. మెజిస్ట్రేటు గారు వారిని కాసేపు చూసి, కలం తీసి, ఈ కేసులో తాను ప్రత్యక్ష సాక్షిననీ, విచారణ మరొకరికి అప్పగించవలసిందనీ రెండు వాక్యాలు రాసి పీఠం దిగారు. అటు నుంచి అటే నడుచుకుంటూ పోలీసు స్టేషనుకు వెళ్ళారు. సాయంత్రానికి బావగారిని అరెస్టు చేశారు. అక్కగారు తమ్ముడి ముఖాన తలుపు వేసుకున్నారు.

ఆరు వారాల తరువాత పై కోర్టు నుంచి మరో న్యాయాధికారి వచ్చి మా హాల్లోనే విచారణ జరిపారు. సాక్షిని తండ్రి పేరుతో సహా మూడుసార్లు పిలవడం, పేరు వెనుక ఏ గౌరవవాచకమూ చేర్చకపోవడం మా కోర్టు నియమం. కోటీశ్వరుడైనా కూలివాడైనా అంతే. మూడో పిలుపుకు రాకపోతే గైర్హాజరని రాసేస్తారు. ఆనాడు ప్రాసిక్యూషన్ పక్షాన ఉన్నది ఒకే ఒక్క సాక్షి. ఆయన రాకపోతే హమాలీలకు జైలు, వస్తే బావగారికి జైలు. వరండాలో అదే పాత బల్ల మీద, ఒక చివర మెజిస్ట్రేటు గారు, మరో చివర అక్కగారు కూర్చుని ఉన్నారు. మధ్యలో నలుగురు పట్టే జాగా.

నేను గుమ్మంలో నిలబడి పిలిచాను. మూడేళ్ళు ఎవరి కోసం తలుపు తెరిచానో ఆయనను ఒట్టి పేరు పెట్టి పిలవడానికి నోరు రాక, పేరు చివర ‘గారు’ చేర్చాను. వారు కదలలేదు. వినపడలేదేమోనని మళ్ళీ పిలిచాను. ‘గారు’ మళ్ళీ దొర్లింది. లోపల ముద్దాయి తరఫు వకీలుగారు అప్పటికే లేచి, సాక్షిని హోదాతో పిలిస్తే ఆ సాక్ష్యం తమకు సమ్మతం కాదని అభ్యంతరం మొదలుపెట్టారు.

“ఎవరినయ్యా పిలుస్తున్నావు?” అన్నారు మెజిస్ట్రేటు గారు, కూర్చున్నచోటి నుంచే.

“మిమ్మల్నేనండి.”

“అలా పిలిస్తే మెజిస్ట్రేటు లేచి రావాలి. ఆయన ఇవాళ సెలవు. ఆ హమాలీలను ఎలా పిలిచావో అలా పిలువు.”

మిగిలింది ఒక్క పిలుపు. అప్పుడు బల్ల ఆ చివర నుంచి అక్కగారు, తల ఎత్తకుండానే అన్నారు. “పిలువు నాయనా. నువ్వు పిలవకపోతే మాత్రం వాడు వెళ్ళకుండా ఉంటాడా?”

మూడోసారి ఒట్టి పేరే పిలిచాను. ముప్పై రెండేళ్ళలో నేను అంత గట్టిగా పిలిచిన పేరు లేదు. వారు లేచి లోపలికి వెళ్ళారు.

తాము చేయించిన బోనులోనే, ఒక కాలు ఎత్తున, ఒక కాలు పల్లాన పెట్టి, కమ్మీని రెండు చేతులా పట్టుకుని ప్రమాణం చేశారు. చూసింది చూసినట్టు చెప్పారు. వకీలుగారు లేచారు.

“మీరు వేసుకున్న ఈ కోటు ఎవరు కుట్టారు?”

“మా బావ.”

“మిమ్మల్ని చదివించిందెవరు?”

“అక్కా, బావా.”

“అటువంటి మనిషి మీద సాక్ష్యం చెప్పడానికి మీకు నోరెలా వచ్చిందండీ?”

“తొమ్మిది రోజులు రాలేదండి” అన్నారు.

ముద్దాయి స్థానంలో నిలబడి ఉన్న బావగారు, చాలాసేపటి నుంచి తమ్ముడిలాంటి ఆ బావమరిది కోటు వంకే చూస్తున్నవారు, ఉండబట్టలేక అన్నారు. “ఒరేయ్, రెండో గుండీ ఊడిపోతోంది, చూసుకో.”

న్యాయాధికారి బల్ల మీద కొట్టి “ముద్దాయి మాట్లాడకూడదు” అన్నారు. బావగారు ఆయనకు దండం పెట్టి, తమ వకీలు వైపు తిరిగారు. “చాల్లెండి వకీలుగారూ, ఇంకేం అడక్కండి. మావాడు చూశానన్నాడంటే చూసినట్టే. లోపల పెద్దాయన పడుకున్నాడని నాకు తెలీదు. తెలిస్తే నా చేయి విరిగినా వెళ్ళేవాణ్ణి కాదు.”

ముగ్గురు హమాలీలూ ఆ సాయంత్రమే విడుదలయ్యారు. బావగారికి ఏడేళ్ళు పడింది. మా తమ్ముడితో సహా ఆ పదిమంది సాక్షులూ అలసిపోయినట్టు ఇళ్ళకు వెళ్ళిపోయారు. ముడిచేతులవాడు ముడిచేతులవాడి మీద నిజం చెప్పడం మావైపు వారెవరూ అదివరకు చూసి ఉండలేదు. ఆ సంవత్సరం ఊళ్ళో మరో దుకాణం కాలలేదు.

మరుసటి నెలలో వారు ఉద్యోగానికి రాజీనామా సమర్పించి, ఆ పై సంవత్సరం శాసనసభ ఎన్నికలలో స్వతంత్రులుగా నిలబడ్డారు. మనవాణ్ణి పట్టిచ్చాడని ముడిచేతులవారు, తొమ్మిది రోజులు దాచాడని విడిచేతులవారు ఓటు వేయలేదు. డిపాజిట్టు పోయింది. “ఇంత సమానంగా ఎవరిని తిట్టారు చెప్పు?” అని నాతో అన్నారు. రెండవసారి ఆ ముగ్గురు హమాలీలు మూటలు దించిన ప్రతి దుకాణంలోనూ వారి మాట చెప్పారు. రెండువందల పదకొండు ఓట్లతో గెలిచారు. అటు పిమ్మట మరి రెండుసార్లు గెలిచారు.

వారి కార్యాలయంలోనూ వచ్చిన వరసలోనే, ఒట్టి పేరుతోనే పిలవాలని నాకు ఆజ్ఞ. ఒకసారి ఓ మంత్రివర్యులు వచ్చి కూర్చోగా, కూరగాయలమ్మే ఆవిడ తరువాత వారి వంతు వచ్చినప్పుడు పేరు మాత్రమే పిలిచాను. మంత్రిగారు ఎర్రబడి లోపలికి వెళ్ళి, నవ్వుతూ బయటికి వచ్చారు. లోపల ఏం జరిగిందో అడగలేదు.

అన్ని న్యాయస్థానాలలోనూ ఒకే బోను, ఒకే ప్రమాణం ఉండాలన్న చట్టం వారి పదకొండేళ్ళ కృషి ఫలితం. ఆ చట్టం అమలు కోసం ఇంజనీర్లు మా కోర్టుకు వచ్చి, మా వడ్రంగి చేసిన బోనును అంగుళం అంగుళం కొలిచి నమూనా గీసి పంపారు. ఆ నాలుగు వేళ్ళ ఎత్తూ నమూనాలోకి ఎక్కింది. నేడు ఎక్కడి కోర్టులో చూసినా సాక్షి ఒక కాలు ఎత్తున పెట్టే నిలబడుతున్నాడు. సరిదిద్దించమని ఎందరో చెప్పారు. “ఉండనివ్వండి. కాస్త తడుముకుని నిలబడితే మాట కూడా కాస్త చూసుకుని చెబుతాడు” అని వారు ఊరుకున్నారు. వడ్రంగి మాత్రం చచ్చేదాకా ఆ డిజైను తనదేనని చెప్పుకున్నాడు.

శిక్ష ముగించుకుని బావగారు వచ్చిన రోజున వారు జైలు గేటు దగ్గర నిలబడి ఉన్నారు. నేను వెంట ఉన్నాను. కన్నీళ్ళు, కౌగిలింతలు ఏవో ఉంటాయనుకుని కాస్త దూరంగా నిలబడ్డాను. బావగారు ఎగాదిగా చూసి, రెండు చేతులతో వారి నడుము చుట్టూ పట్టి కొలిచి, “రెండంగుళాలు పెరిగావురా. పాతది విప్పి ఇక లాభం లేదు, కొత్తది కుట్టాల్సిందే” అన్నారు. ఇంటికి రాగానే కాళ్ళు కడుక్కుని రొట్టెల దుకాణానికి వెళ్ళి, దాని ముందు చాలాసేపు నిలబడ్డారు. రొట్టెలాయన లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. చివరి రోజు వరకూ వారంవారం వెళ్ళి అలాగే నిలబడి వచ్చేవారు. బావగారు గతించి ఆరేళ్ళయింది. నేటి సభలో మెజిస్ట్రేటు గారు ధరించిన కోటు ఆయన కుట్టినదే.

శాసనసభ్యత్వం నుంచీ, ప్రజాజీవితం నుంచీ విశ్రాంతి తీసుకుంటున్న ఈ శుభసమయాన, మొదటి వరుసలో ఆసీనులైన ఎనభై రెండేళ్ళ అక్కగారి చల్లని చూపులో, వారు ఆరోగ్యంగా, కంటిచూపు తగ్గకుండా, వినికిడి మందగించకుండా, ఎవరు పేరు పెట్టి పిలిచినా లేచి వెళ్ళగలిగే కాళ్ళతో నిండు నూరేళ్ళూ ఉండాలని, రెండు తెగల తరఫునా, మా కోర్టు గుమ్మం తరఫునా మనసారా కోరుకుంటున్నాను.

ఒక్కటి మిగిలింది. సాక్ష్యం చెప్పిన మర్నాటి ఉదయం సంగతి. ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. అక్కగారు మొన్న “రాయి నాయనా, వాడూ నేనూ ఇంకెన్నాళ్ళు?” అని సెలవిచ్చారు కనుక రాస్తున్నాను.

బోనులో మరిచిపోయిన కలం ఇవ్వడానికి ఏడు గంటలకు వారి ఇంటికి వెళ్ళాను. తాళం వేసి ఉంది. వెనుక సందులోకి వెళితే, ఆరు వారాలుగా మూతబడిన దర్జీ దుకాణం తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మెజిస్ట్రేటు గారు కోటుతోనే మిషను పక్కన కింద కూర్చుని, సగంలో ఆగిన బట్టల మూట విప్పి కాజాలు కుడుతున్నారు. చేతిలో ఉన్నది రొట్టెలాయన చొక్కా. మంటలకు ముందు ఎప్పుడో కుట్టడానికి ఇచ్చింది. మెడ దగ్గర ఆయన పేరు చీటీ ఇంకా గుచ్చి ఉంది. నన్ను చూసి తల ఊపి, మళ్ళీ పనిలో పడ్డారు.

కాసేపటికి లోపలి తలుపు తెరుచుకుంది. అక్కగారు గడపలో నిలబడి చూశారు. ఆవిడ కళ్ళు వాచి ఉన్నాయి. తరువాత వచ్చి ఆ చొక్కా లాక్కుని వెలుగుకేసి చూశారు.

“ఇదేం కాజా? గుండీ కాదు, గుమ్మడికాయ దూరుతుంది. బావ నీకు నేర్పింది ఇదేనా?”

అక్కగారు ఆ కుట్టంతా విప్పేసి, కింద కూర్చుని, సూదిలో నల్లదారం ఎక్కించారు. కొస పంటితో కొరికారు. చొక్కాకి నల్లదారం ఎందుకా అని నేను అనుకుంటూ ఉండగానే, చెయ్యి చాచారు.

“కోటు విప్పు. రెండో గుండీ.”

వారు కోటు విప్పి ఇచ్చారు.